రేసింగ్ గేమ్ మలుపు దగ్గర ఆగిపోతోందా? ల్యాప్‌టాప్ మార్చే ముందు ఇవి చూడండి

సమస్య: మొదటి పది నిమిషాలు బాగానే నడుస్తుంది, ఆ తర్వాత నత్తనడక.

మే నెలలో విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేనల్లుడి గోడు ఇదే. "మావయ్యా, ఇంక కొత్తది కొనాల్సిందే" అన్నాడు. వెళ్లి చూస్తే మంచం మీద, దుప్పటి పైన పెట్టి ఆడుతున్నాడు. చాలా ల్యాప్‌టాప్‌లు అడుగు నుంచే గాలి పీల్చుకుంటాయి. ఆ దారి మూసుకుపోతే చిప్ వేడెక్కి, కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. అసలే విశాఖ ఉక్కపోత! గట్టి బల్ల మీద పెట్టి, వెనక వైపు కాస్త ఎత్తు చేయండి. సముద్రానికి దగ్గర ఇళ్లయితే ఫ్యాన్లలో తేమకు దుమ్ము అట్టకడుతుంది. ఏడాదికోసారైనా విప్పించి శుభ్రం చేయించండి.

సమస్య: మొదటి నుంచీ ఈడుస్తూనే ఉంటుంది.

ముందు ఛార్జర్ పెట్టారా? బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డుకు (తెర మీద బొమ్మలు గీసే చిప్) పూర్తి కరెంటు అందదు. పెట్టినా అంతే అయితే, గేమ్ విడిగా ఉన్న ఆ కార్డు మీద కాకుండా ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తూ ఉండొచ్చు. విండోస్ టాస్క్ మేనేజర్‌లో ఏ జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) కష్టపడుతోందో కనిపిస్తుంది. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్‌కి వెళ్లి ఆ గేమ్‌కి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి.

సమస్య: కార్లన్నీ ఒకేసారి బయల్దేరేచోట కుదుపులు.

ర్యామ్ ఒకే స్టిక్ ఉందేమో చూడండి. 8 జీబీ ఒకటే ఉంటే, పక్కన ఇంకో 8 పెడితే తేడా కళ్లకు కనిపిస్తుంది. రెండో స్లాట్ ఉందో లేదో ముందే కనుక్కోండి. పాత హార్డ్ డిస్క్ ఉంటే దానికంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ వేయించండి, చోటు కూడా చూసుకోండి. ఫోర్జా హొరైజన్ 5 అనే రేసింగ్ గేమ్ ఒక్కటే వంద జీబీ దాటుతుంది.

సమస్య: ఇవన్నీ చేసినా లాభం లేదు.

అప్పుడు కార్డుకే శక్తి చాలదు, కొత్తది కొనాల్సిందే. ఇక్కడే చాలామంది మోసపోతారు. ద్వారకానగర్ షాపుల్లో స్టిక్కర్ చూసి "ఆర్‌టీఎక్స్ 4060 ఉంది కదా" అనుకుంటారు. అది ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు పేరు. ల్యాప్‌టాప్‌లో ఆ కార్డుకు కంపెనీ 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఇవ్వొచ్చు. పేరు ఒకటే, పరుగు వేరు. పలచటి, తేలికపాటి మోడల్‌లో తక్కువ వాట్లతో పెట్టిన 4060 కంటే, పూర్తి వాట్లున్న 4050 (దాని కింది మోడల్) ముందుండొచ్చు. అయితే 4050కి వీడియో మెమరీ 6 జీబీ, 4060కి 8. ఎక్కువ టెక్స్చర్లతో (రోడ్డు, కార్ల మీది నగిషీ బొమ్మలు) ఆడాలంటే ఆ రెండు జీబీలు కావాలి. ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు.

వాట్లు అడిగితే మొహమాటంగా నవ్వే షాపులున్నాయి. ఆన్ చేసిన ల్యాప్‌టాప్‌లో ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కండి. మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఒక వరుస ఉంటుంది. ఆ అంకె చూశాకే డబ్బు కట్టండి.

మా మేనల్లుడికి మాత్రం బల్ల, ఇంకో ర్యామ్ స్టిక్ సరిపోయాయి.