ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ రక్తం తీసే ముందు

యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ వచ్చిందని గ్లౌజులు తీసేయకండి. డాల్ఫిన్లు, సీళ్లు ఎక్కువగా ఒడ్డుకు కొట్టుకొచ్చే కాలం మొదలయ్యేలోపే బృందంలో అందరికీ ఈ మాట గట్టిగా చెప్పాలి. ఆ జంతువు ఎప్పుడో ఒకప్పుడు బ్యాక్టీరియా బారిన పడిందా అన్నదే యాంటీబాడీ చెబుతుంది. ఇప్పుడు ఒంట్లో క్రిమి ఉందో లేదో చెప్పదు. పైగా కొత్తగా సోకితే యాంటీబాడీలు తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా రక్తం తీస్తే నెగెటివే వస్తుంది, జంతువు మాత్రం క్రిమిని వదులుతూనే ఉండొచ్చు.

అన్నిటికన్నా బ్రూసెల్లా అనే బ్యాక్టీరియాతో జాగ్రత్త. సముద్ర క్షీరదాల్లో ఇది ఉందని 1994లో బయటపడింది. డాల్ఫిన్లు, తిమింగలాల్లో కనిపించే రకానికి బ్రూసెల్లా సెటి అనీ, సీళ్లలోని రకానికి బ్రూసెల్లా పిన్నిపీడియాలిస్ అనీ 2007లో పేర్లు పెట్టారు. మావి, ఉమ్మనీరు, గర్భస్రావమైన పిల్ల, మెదడు చుట్టూ ఉండే ద్రవం చాలా ప్రమాదం. వాటిని తాకేటప్పుడు రెండు జతల గ్లౌజులు, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు తప్పనిసరి. డాల్ఫిన్ తల మీది ఊపిరి రంధ్రానికి ఎదురుగా ముఖం పెట్టకండి. చేతికి చిన్న గాయమున్నా ఆ రోజు వేరే పని చూసుకోండి. గర్భిణులు ధైర్యంగా వస్తామన్నా ఈ పనికి వద్దు.

సీళ్లకు దగ్గరి జాతైన కాలిఫోర్నియా సీ లయన్లలో లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా కొన్నేళ్లకోసారి విజృంభిస్తుంది. అది మూత్రంలో బయటికొస్తుంది. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న జంతువులు కూడా దాన్ని మోస్తుంటాయి కాబట్టి బూట్లు, బోనులు కడిగేవాళ్లకూ మాస్కు, కళ్లద్దాలు ఇవ్వండి.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, నేరుగా సూదుల డబ్బాలో వేయండి. రక్తాన్ని కదపకుండా గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పి, పైకి తేలిన సీరాన్ని (రక్తంలోని పల్చటి ద్రవాన్ని) చిన్న గొట్టాల్లో పంచి ఫ్రీజ్ చేయండి. కరిగించిన సీరాన్ని పదేపదే మళ్లీ ఫ్రీజ్ చేస్తే యాంటీబాడీలు దెబ్బతింటాయి. రక్తకణాలు పగిలి ఎర్రబడిన సీరంతో వచ్చే ఫలితాన్ని నమ్మలేం. చనిపోయిన జంతువుల్లో ఈ చిక్కు ఎక్కువ.

పాజిటివ్ వచ్చినా తొందరపడొద్దు. బ్రూసెల్లా పరీక్షకు యెర్సీనియా అనే మరో బ్యాక్టీరియా యాంటీబాడీలు కూడా స్పందిస్తాయి. పాలు తాగే పిల్లలో కనిపించేవి తల్లి నుంచి వచ్చినవే కావచ్చు. రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండోసారి రక్తం తీసి, యాంటీబాడీల స్థాయి నాలుగింతలు పెరిగిందేమో చూడండి. పీసీఆర్‌తో (క్రిమి డీఎన్‌ఏను వెతికే పరీక్షతో) గానీ, కల్చర్‌తో (నమూనాలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడటంతో) గానీ నిర్ధారించుకోండి. కల్చర్‌కి మాత్రం నమూనాను మామూలు ల్యాబ్‌కి పంపకండి, ల్యాబ్ సిబ్బందికి బ్రూసెల్లా సోకిన సందర్భాలున్నాయి. నమూనా మీద అనుమానమేమిటో స్పష్టంగా రాయండి.

మన రక్తం సంగతి కూడా మరిచిపోవద్దు. పని మొదలుపెట్టకముందే బృందంలో ఒక్కొక్కరి సీరం దాచి ఉంచితే, తర్వాత జ్వరం వస్తే పోల్చి చూడొచ్చు. బ్రూసెల్లా లక్షణాలు నెలల తర్వాత కూడా బయటపడతాయి. సీల్ కరిచి వేలు వాస్తే పెన్సిలిన్ పనిచేయకపోవచ్చు, సాధారణంగా టెట్రాసైక్లిన్ తరహా మందులు వాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లగానే సీళ్లతో, డాల్ఫిన్లతో పనిచేశామని ముందు చెప్పండి. చెప్పకపోతే ఆ రోగం వాళ్లకు తట్టే అవకాశం తక్కువ.