సరిహద్దు పట్టణంలోని దుకాణానికి సరుకు రవాణా, నిల్వ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

లాజిస్టిక్స్ అనగానే లారీ మాట్లాడుకోవడమే గుర్తుకు వస్తుంది గాని, కొనుగోలు, రవాణా, నిల్వ, పంపిణీ అన్నీ కలిపి ఒకే లెక్కగా చూడడం అందులోని అసలు పని. శీతకాలంలో జోజిలా కనుమ మంచుతో మూసుకుపోతుంది కాబట్టి లద్దాఖ్‌లోని దళాలకు కావలసిన తిండి, ఇంధనం, మందుగుండు సైన్యం ముందే చేరవేసి ఉంచుతుంది. ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో టోకు కిరాణా నడిపే తెలుగువారికి ఈ పద్ధతి కొంతవరకు పనికివస్తుంది.

మొదట కొనేవారి వైపు నుంచి లెక్క మొదలుపెట్టండి. ఏ సరుకు రోజుకు ఎంత పోతుందో పాత బిల్లులు చూసి రాసుకోండి.

తరువాత, ఆర్డరు ఇచ్చిన నాటి నుంచి కళాసీలు సరుకు దించే వరకు పట్టే రోజులు లెక్కించండి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లోడు నిండేదాకా ఆగే సమయాన్ని చాలామంది ఇందులో కలపరు. రోజుకు 12 పెట్టెల నూనె అమ్ముడై, సరుకు రావడానికి 4 రోజులు పడితే 48 పెట్టెలు కావాలి. ఆలస్యానికి మరో 2 రోజుల 24 కలిపితే 72. నిల్వ ఆ అంకెకు దిగిన రోజునే ఆర్డరు ఇవ్వాలి.

అక్టోబరుకు మాత్రం వేరే లెక్క వేసుకోండి. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుఫాన్లు తీరం దాటాయి; దసరా, దీపావళి సరుకు దిగే రోజులూ సరిగ్గా అవే. అందుచేత ఉప్పు, పప్పు, నూనె, కొవ్వొత్తులు, బ్యాటరీల వంటి, జనం కొనక తప్పని వాటిని సెప్టెంబరులోనే తెప్పించి, నేలకు తగలకుండా బల్లల మీద పేర్చండి. సైన్యానికి సరుకు తక్కువ పడితే ప్రాణాల మీదికి వస్తుంది, వ్యాపారికేమో ఎక్కువ పడితే వడ్డీ మీద పడుతుంది. కనుక సబ్బులు, పౌడర్ల దాకా ఈ జాగ్రత్తను పొడిగించడం అనవసరమని నా అభిప్రాయం.

కాగితాల సంగతి. పన్ను వర్తించే సరుకు విలువ 50,000 రూపాయలు దాటి, రాష్ట్రం దాటి వస్తుంటే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే సరుకు రవాణా పత్రం) తప్పనిసరి. మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఉంటుంది. దారిలో సరుకును వేరే లారీలోకి మార్చితే ఆ బండి నంబరు బిల్లులో నమోదు చేయించండి. బండి చెడిపోయి ఆలస్యమైతే గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల లోపు పొడిగింపు కోరవచ్చు.

చివరగా, కొండ ఊళ్లకు వెళ్లే దారి. దూరం తక్కువే అయినా, బస్తాకు పడే ఖర్చు ఎక్కువయ్యేది తరచుగా ఇక్కడే. ఒక్కో దుకాణానికి విడిగా బండి పంపకుండా, సంత రోజుకు ముందు ఒకే దారిలోని ఊళ్ల ఆర్డర్లు కలిపి చిన్న వ్యాను కట్టించండి. తిరుగు బండి ఖాళీగా రాకుండా చింతపండు బస్తాలు వేయించే ఏర్పాటు ముందే మాట్లాడుకుని, రానుపోను కిరాయిని ఒకేసారి ఖాయం చేసుకోండి.