చెన్నై నుంచి శ్రీలంక క్రూజు: పిల్లలకు అడవి జంతువులను చూపించాలంటే ఎలా ప్లాన్ చేయాలి?

ఓడ ఉదయం ఎనిమిదింటికి హంబన్‌టోట రేవులో ఆగింది. ఇమ్మిగ్రేషన్ దగ్గర ఒక వరస, బస్సు దగ్గర ఇంకో వరస, జీపు కోసం మరొకటి. అన్నీ దాటుకుని యాల నేషనల్ పార్కు గేటు చేరేసరికి పదకొండయింది. చిరుతపులి కోసం మూడు నెలలుగా కలలు కన్న మా చిన్నవాడికి దక్కినవి నాలుగు నెమళ్లు, బురదగుంటలో మెడదాకా మునిగిన గేదెలు, చెట్టు మొదట్లో ఎండ కాచుకుంటున్న ఉడుము. ‘దీనికి వండలూరు జూ సరిపోయేది కదమ్మా’ అన్నాడు. వాడిని తప్పుపట్టలేం. పదకొండు గంటల జూన్ ఎండలో ఏ చిరుతైనా పొదలోనే ఉంటుంది. తప్పు నాది. ఓడలో ఈతకొలను ఎంత పెద్దదో చూశాను గానీ, ఒడ్డు మీద మాకు ఎన్ని గంటలు దొరుకుతాయో లెక్కపెట్టలేదు.

మాంబళంలో మా వీధిలో ఇప్పుడు ఎవరు క్రూజు మాట ఎత్తినా మా ఇంటికే వస్తున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితం మీద గంటలు రాసుకోండి

2023 జూన్ 5న చెన్నై రేవు నుంచి ఎంప్రెస్ అనే క్రూజు నౌక శ్రీలంకకు బయలుదేరింది. హంబన్‌టోట, ట్రింకోమలి, కంకేసంతురై దాని రేవులు. ఇలాంటి ప్రయాణాలు ఏడాది పొడవునా ఉండవు. సీజన్‌ను బట్టి తేదీలూ రేవులూ మారుతుంటాయి. అందుకని ప్రకటనలో ఫొటోల కంటే ముందు రేవుల పట్టిక అడగండి. ప్రతి రేవులో ఓడ ఎన్నింటికి ఆగుతుంది, తిరిగి ఎక్కాల్సిన గడువు ఎన్నింటికి అన్న రెండు అంకెలు అందులో ఉండాలి.

ఇక తీసివేతలు. ఎనిమిదింటికి ఆగిన ఓడలోంచి ఒక కుటుంబం బయటపడేసరికి తొమ్మిదవుతుంది. గడువు సాయంత్రం నాలుగున్నర అనుకుంటే, మనం పెట్టుకోవలసిన గడువు మూడున్నర. దారిలో గేదెల మంద అడ్డం వచ్చినా, జీపు టైరు పంక్చరయినా ఆ గంట కాపాడుతుంది. అంటే చేతిలో ఉన్నది ఆరున్నర గంటలు. భోజనానికి అరగంట తీసేయండి. చూడదలచిన చోటికి రానుపోను ప్రయాణం తీసేయండి. మిగిలిందే మీ విహారం. అది రెండు గంటల కంటే తక్కువైతే ఆ చోటు మీకోసం కాదు, ఎంత పేరున్నదైనా సరే. సింగపూర్ నుంచి ఎక్కినా, అలాస్కా వెళ్లినా లెక్క ఇదే.

శ్రీలంక గడియారం మన గడియారమే, నిమిషం తేడా ఉండదు. అదొక్కటి కలిసొచ్చే విషయం.

ఏ రేవులో ఏ జంతువు

హంబన్‌టోట అనగానే అందరూ యాల అంటారు. శ్రీలంకలో పులులు లేవు, సింహాలు లేవు, చిరుతే అక్కడి అడవికి దొర. కానీ అది తిరిగేది తెల్లవారుజామున, పొద్దువాలాక. ఓడ ప్రయాణికుడు యాలలో ఉండేది సరిగ్గా ఆ రెంటికీ మధ్య. పైగా ఎండలు ముదిరే సెప్టెంబరు, అక్టోబరు మధ్య ఆ పార్కు ప్రధాన భాగాన్ని కొన్ని వారాలు మూసేయడం రివాజు. అడవినే చూస్తాం, చిరుత కనబడితే అదృష్టం అనుకునేవాళ్లు వెళ్లండి. పిల్లలకు మాటిచ్చి మాత్రం వెళ్లకండి.

నా ఓటు ఉడవలవెకి. 1972లో ఏర్పడిన ఈ నేషనల్ పార్కు ఏనుగుల చోటు. ఏనుగు పగలంతా మేస్తూనే ఉంటుంది, పైగా చాటున నక్కేంత చిన్న ప్రాణి కాదు. రేవు నుంచి కారులో గంటన్నర పట్టవచ్చు కాబట్టి పార్కు లోపలికి వెళ్లే తీరిక లేకపోతే దిగులుపడకండి. దగ్గర్లోనే 1995లో మొదలుపెట్టిన ఏనుగుపిల్లల సంరక్షణ కేంద్రం ఉంది. తల్లిని పోగొట్టుకున్న గున్నలను ఇక్కడ పెంచి, పెద్దయ్యాక తిరిగి అడవిలో వదులుతారు. రోజుకు కొన్నిసార్లు, నిర్ణీత వేళల్లో పాలు పడతారు. మీ కార్యక్రమం మొత్తాన్ని మధ్యాహ్నపు పాలవేళ చుట్టూ అల్లుకోండి. ఆనాటి సమయాన్ని ముందుగా కనుక్కోవడం మరవకండి.

మేము యాల నుంచి చతికిలబడి వచ్చిన మరుసటి ఏడాది విమానంలో వెళ్లి మరీ ఇది చూశాం. గేటు తెరవగానే గున్నలు బడి వదిలిన పిల్లల్లా పరుగెత్తుకొస్తాయి. ఒక పనివాడు గరాటులో పాలు పోస్తుంటే, గొట్టం కొస నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని తాగుతాయి. వంతు అయిపోయినా కదలని ఒక గడుగ్గాయిని వెనక నుంచి ఇంకొకటి నుదుటితో నెట్టింది. అది రెండడుగులు వేసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ వరసలో నిలబడింది. మా చిన్నవాడు చిరుత పేరు ఎత్తితే ఒట్టు.

చూడటమంతా అరుగు మీద నుంచే. ముట్టుకోనివ్వరు, తినిపించనివ్వరు. ఆ దూరం ఉన్నందువల్లే అవి రేపు అడవిలో బతకగలవు. ఏనుగుకు స్నానం చేయించండి, సవారీ చేయండి అని పిలిచే చోట్లు దారిలో తగులుతాయి, డ్రైవరు ఉత్సాహపడతాడు కూడా. వద్దని చెప్పేయండి.

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి బుందల నేషనల్ పార్కు మేలు. రేవుకు దగ్గర. ఉప్పునీటి మడుగుల్లో కొంగలు, మొసళ్లు కనిపిస్తాయి. శ్రీలంకలో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాధాన్యం గల) చిత్తడి నేలగా గుర్తింపు పొందిన మొదటి చోటు ఇదే.

ట్రింకోమలి సంగతి వేరు. అక్కడ సముద్రం ఒడ్డుకు దగ్గర్లోనే లోయలా లోతుకు దిగిపోతుంది. అందుకే మార్చి నుంచి ఆగస్టు దాకా నీలి తిమింగలాలు తీరానికి చేరువగా వస్తాయి. వాటిని చూపించే పడవలు పొద్దున్నే బయలుదేరుతాయి, ఓడ దిగేసరికి ఆ వేళ దాటిపోతుంది. దీనికి విరుగుడు ఓడలోనే ఉంది. ట్రింకోమలి చేరే రోజు అయిదున్నరకే పిల్లలను లేపి పై డెక్కు మీదికి తీసుకెళ్లండి. తిమింగలం కోసం వెతకవద్దు, ఆవిరి కోసం వెతకండి. నీలి తిమింగలం ఊపిరి వదిలితే నీటి తుంపర మూడంతస్తుల ఎత్తుకు నిట్టనిలువుగా లేస్తుంది. డాల్ఫిన్లయితే ఓడ పక్కన గుంపుగా ఎగురుతూ వస్తాయి. బైనాక్యులర్ మీద 8 అంకె ఉన్నది, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది తీసుకోండి. ఇంకా ఎక్కువైతే ఊగే ఓడలో బొమ్మ నిలవదు. ఒకవేళ పడవ దొరికి వెళ్తే, తిమింగలానికి వంద మీటర్ల అవతలే ఆపమని పడవవాడికి ముందే చెప్పండి. వెంటపడి తరిమితే అది మునిగిపోతుంది, డబ్బూ మునిగిపోతుంది.

ఈత వచ్చిన పిల్లలుంటే నీలావెలి ఒడ్డుకు ఎదురుగా పావురాల దీవి ఉంది. మోకాలి లోతు నీళ్లలోనే నల్లని రెక్కకొసలున్న చిన్న సొరచేపలు తిరుగుతాయి. మనిషిని చూస్తే అవే తప్పుకుంటాయి. పగడాల మీద నిలబడకూడదని నీళ్లలోకి దిగకముందే పిల్లలకు గట్టిగా చెప్పాలి, దిగాక వినిపించదు.

ఈత రానివాళ్లు కోనేశ్వరం వెళ్లండి. సముద్రం మీదికి తోసుకొచ్చిన కొండ అంచున శివాలయం. పాత గుడిని పోర్చుగీసువాళ్లు 1622లో కూల్చేశారు. పక్కనే కొండ చీలికను చూపించి రావణుడు కత్తితో నరికాడంటారు. గుడికి వెళ్లే దారి ఫ్రెడరిక్ కోటలోంచి పోతుంది. ఆ కోటలో చుక్కల జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి. మా అత్తయ్యగారి చేతిసంచిలోని అరటిపండ్ల వాసన పట్టి ఒకటి మూతి లోపలికి దూర్చింది. ‘పోనీలేమ్మా, పాపం’ అంటూ ఆవిడ పండు తీయబోతే కాపలాదారు వారించాడు. పండుతోపాటు ప్లాస్టిక్ సంచి కూడా తినేస్తాయట.

కంకేసంతురైలో జంతువుల ఆశ పెట్టుకోకండి. నల్లూరు కందస్వామి గుడి, యాళ్పాణం (జాఫ్నా) గ్రంథాలయం చూసి రండి. అడవి గుర్రాలున్న డెల్ఫ్ట్ దీవి ఓడ గడువులోపల అందదు.

ఓడవాళ్ల టూరా, సొంత కారా?

ఓడవాళ్లే నడిపే టూరు ఖరీదెక్కువ, గుంపు పెద్దది. కానీ ఆ బస్సు ఆలస్యమైతే మామూలుగా ఓడ ఆగుతుంది. మీరు సొంతంగా మాట్లాడుకున్న కారు ఆలస్యమైతే ఆగదు, తర్వాతి రేవుకు మీ ఖర్చుతో మీరే చేరుకోవాలి. కాబట్టి దూరమైన ఉడవలవె, యాల లాంటి వాటికి ఓడవాళ్ల టూరు, రేవు ఊళ్లోనే ఉన్న కోనేశ్వరం లాంటి వాటికి సొంత కారు. ఈ ఒక్క సూత్రం పాటిస్తే డబ్బూ మిగులుతుంది, గుండెదడా ఉండదు. ఓడవాళ్ల పట్టికలో ఉడవలవె లేకపోతే దూరం పోకండి, బుందలతో సరిపెట్టుకోండి.

కాగితాలు

తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు చెల్లే పాస్‌పోర్టులుండాలి. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే ముగుస్తుంది, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. శ్రీలంక వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి. బుకింగ్ రోజున ఒకసారి, బయలుదేరే నెలలో ఒకసారి అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూసుకోండి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసే పన్ను) పేరుతో కొంత సొమ్ము ముందే పట్టుకుంటారు, ఆదాయపు పన్ను రిటర్నులో అది మీ ఖాతాకే జమ అవుతుంది, రసీదు దాచుకోండి. గర్భిణులు 24 వారాలు దాటితే చాలా క్రూజు సంస్థలు ఎక్కించుకోవు. ఒడ్డుకు దిగేటప్పుడు పాస్‌పోర్టు నకలు జేబులో ఉంచుకోండి. సార్క్ దేశాలవారికి టికెట్ ధర తగ్గే చోట్ల అది పనికొస్తుంది.

క్యాబిన్, కడుపు, మొదటిరోజు సంచి

మా అత్తయ్యగారి తాతగారు కాకినాడ రేవు నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లొచ్చిన మనిషి. ‘మా వంశానికి సముద్రం కొత్తా?’ అంటూ ఓడెక్కిన ఆవిడే అందరికంటే ముందు మంచం పట్టారు. జూన్‌లో శ్రీలంక దక్షిణ తీరానికి నైరుతి రుతుపవనాల కెరటాలు నేరుగా తగులుతాయి, హంబన్‌టోట దగ్గర పడుతున్నకొద్దీ ఊపు తెలుస్తుంది. క్యాబిన్ ఎంచుకునేటప్పుడు ఓడకు నడిమధ్యన, కింది అంతస్తుల్లో అడగండి. ఉయ్యాలకు కొసన కూర్చున్నవాడికీ మధ్యలో కూర్చున్నవాడికీ ఉన్న తేడాయే ఇక్కడా. మాత్ర ఏది, ఎంత అన్నది డాక్టరును అడిగి, వికారం మొదలవకముందే వేసుకోవాలి. మొదలయ్యాక మాత్ర కూడా బయటికే వస్తుంది. ఖాళీ కడుపుతో ఉండకూడదు, ఫోను చూడకూడదు, దూరంగా ఆకాశం నీళ్లను తాకే గీత మీద చూపు నిలపాలి. అల్లం మురబ్బా మా ఇంట్లో పనిచేసింది.

రేవులో ఇచ్చేసిన పెట్టెలు క్యాబిన్‌కు వచ్చేసరికి సాయంత్రం కావచ్చు. మందులు, ఈత దుస్తులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకోండి. మా పెద్దవాడు మొదటి మధ్యాహ్నమంతా జీన్స్‌తో ఈతకొలను గట్టున కూర్చున్నాడు. ఇంట్లో వండిన పులిహోర, అరిసెలు చాలా ఓడల్లోకి రానివ్వరు, మా ఆవకాయ సీసా కూడా తనిఖీ బల్ల మీదే ఉండిపోయింది. ఓడ కదలగానే ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో ఓడ శాటిలైట్ సిగ్నలు పట్టుకుంటే బిల్లు చూసి వాంతి వస్తుంది, దానికి మాత్ర లేదు.

ఇంటి దగ్గరే ఒక రిహార్సల్

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అడవి జంతువు మనం పిలిస్తే రాదని పిల్లలకు తెలియాలంటే ఒకసారి ఉత్త చేతులతో తిరిగి రావాలి. జనవరి నుంచి మార్చి దాకా వారాంతపు రాత్రుల్లో నీలాంకరై, బీసెంట్ నగర్ తీరం వెంట తాబేళ్ల నడక ఉంటుంది. 1988 నుంచి విద్యార్థులే నడుపుతున్న బృందం వెంట, టార్చి వేయకుండా, గట్టిగా మాట్లాడకుండా కిలోమీటర్ల కొద్దీ ఇసుకలో నడవాలి. ఆలివ్ రిడ్లీ తాబేలు గుడ్లు పెట్టడానికి వస్తే చూస్తారు, లేకపోతే ఇసుక దులుపుకుని తెల్లారి ఇంటికొస్తారు. ఆ రాత్రి గొణక్కుండా నడిచిన పిల్లలను ఏ ఓడైనా ఎక్కించవచ్చు.

తిరుగు ప్రయాణం

ఓడ చెన్నైకి పొద్దున్నే వచ్చినా అందరినీ ఒకేసారి దించరు. అంతస్తుల వారీగా పిలుస్తారు, ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్, పెట్టెల వెతుకులాట. నెల్లూరు, విజయవాడ నుంచి వచ్చేవాళ్లు ఉదయం రైలుకు టికెట్లు కొనకండి. సెంట్రల్‌లో మధ్యాహ్నం బయలుదేరే పినాకిని అయితే, దారిలో అన్నం తినే తీరిక కూడా దొరుకుతుంది.