ప్రాసెసర్ వేడి: గాలి కూలరా, లిక్విడ్ కూలరా?

లోడ్ (బరువైన పని) పడగానే ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తే వెంటనే లిక్విడ్ కూలర్ కొనకండి. ముందు వేడి ఎలా పెరుగుతోందో గమనించండి. రెండు మూడు సెకన్లలోనే 40 నుంచి 95కి ఎగబాకితే ముందు అనుమానించాల్సింది కూలర్ బిగింపునే: పేస్ట్ (ప్రాసెసర్ నుంచి కూలర్‌కు వేడిని దాటించే పూత) ఎండిపోయి ఉంటుంది, స్క్రూలు ఒకవైపే బిగుసుకుని ఉంటాయి, లేదా కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా వదిలేసి ఉంటారు. (AMD ప్రాసెసర్లైన రైజెన్ 7000 శ్రేణిలో పెద్ద మోడళ్లు పూర్తి లోడ్‌లో 95 దాకా వెళ్లేలా తయారైనవే, అక్కడ క్లాక్ వేగం, అంటే ప్రాసెసర్ నడిచే వేగం, పడిపోతోందేమో చూడాలి.) పావుగంటలో మెల్లగా పెరిగితే పక్క ప్యానెల్ తీసి చూడండి. బాగా తగ్గితే లోపం కేసులో గాలి ఆడకపోవడమే.

నాకు పని చేసింది ఇది: పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి, ఎదురెదురు మూలల స్క్రూలను రెండేసి చుట్లు చొప్పున బిగించాను.

అయినా చాలకపోతే అప్పుడు ఎంపిక. ప్రాసెసర్ 150 వాట్ల లోపు లాగితే ఒక టవర్ (రేకుల దొంతరతో నిలువుగా ఉండే గాలి కూలర్), 120 మి.మీ. ఫ్యాన్ చాలు. 200 దాకా జంట టవర్. కొనేముందు కేసు లోపలి ఎత్తు, ర్యామ్ ఎత్తు కొలవండి. గంటల తరబడి 250 వాట్లు లాగే పనికే 360 మి.మీ. రేడియేటర్ (లిక్విడ్ కూలర్‌లో ద్రవాన్ని చల్లార్చే భాగం) అవసరం. మిగతా చోట్ల నా ఓటు గాలికే, చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే కాబట్టి.

లిక్విడ్ పెడితే రేడియేటర్ పైభాగం పంపు కంటే ఎత్తులో ఉండాలి, లేదంటే గాలి బుడగలు పంపులో చేరి గరగర చప్పుడు వస్తుంది. పంపు వైరును ఎప్పుడూ పూర్తి వేగంతో నడిపే హెడర్‌కే (మదర్‌బోర్డు మీద వైరు తగిలించే పిన్నులు) ఇవ్వండి. బ్లాక్ (ప్రాసెసర్ మీద కూర్చునే భాగం) కాలుతూ రేడియేటర్ చల్లగా ఉందంటే పంపు ఆగిపోయి ఉండొచ్చు.