కారుకి స్టీల్ బ్రెయిడెడ్ బ్రేక్ పైపులు ఇంట్లోనే వేసుకోవడం ఎలా

ముందే చెప్పేస్తా, స్టీల్ బ్రెయిడెడ్ పైపులు వేసినంత మాత్రాన బండి తక్కువ దూరంలో ఆగిపోదు. ఆగే దూరం టైర్ల గ్రిప్పు చేతిలో ఉంటుంది, ఏబీఎస్ (చక్రాలు లాక్ అవ్వకుండా చూసే సిస్టం) టకటకమనేంత గట్టిగా ఇప్పుడున్న రబ్బర్ పైపులతోనే తొక్కగలుగుతున్నాం కదా. మారేది పెడల్ ఫీల్. గట్టిగా తొక్కితే లైన్లో ప్రెషర్ 1000 పీఎస్ఐ దాటేస్తుంది, దానికి రబ్బర్ పైపు కాస్త ఉబ్బుతుంది, ఏళ్ళు గడిచిన పైపు అయితే ఇంకాస్త, ఆ ఉబ్బే కాలికి మెత్తగా తెలిసేది. స్టీల్ వాటిల్లో లోపల టెఫ్లాన్ గొట్టం, దానిమీద స్టెయిన్‌లెస్ స్టీల్ తీగల అల్లిక, పైన ప్లాస్టిక్ కోటింగ్ ఉంటాయి, ఉబ్బడానికి చోటుండదు కాబట్టి తొక్కింది తొక్కినట్టు కాలిపర్‌కి, అంటే చక్రం దగ్గర డిస్కుని ప్యాడ్లతో నొక్కే భాగానికి, చేరుతుంది.

పెడల్ మెత్తగా ఉందని నేరుగా పైపుల మీద పడేవాళ్ళు ముందు బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తు తెచ్చుకోండి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 అనే గ్రేడు ఆయిల్ కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టిందంటే ఆ లెక్క 155కి పడిపోతుంది. తిరుమల కొండ దిగేటప్పుడో అరకు ఘాట్‌లోనో పెడల్ లోపలికి దిగిపోయిందంటే తప్పు పైపుది కాకపోవచ్చు, గేర్ తగ్గించకుండా బ్రేక్ మీదే కాలు పెట్టి దిగడం వల్ల పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చుంటాయి. దానికి మందు కొత్త ఆయిలూ సెకండ్ గేరూ, పైపులు కాదు.

పైపులు నిజంగా పోయాయా లేదా చూడటం తేలికే. ఇంజన్ ఆన్ చేసి ఒకరు బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు ముందు చక్రం వెనక పైపుని వేళ్ళతో పట్టుకుని చూడాలి, ఉబ్బు చేతికి తెలిస్తే దాని పని అయిపోయినట్టే. వంచి చూసినప్పుడు పగుళ్ళు కనిపించినా అంతే. ఇంకోటుంది, బయటికి కనపడదు: పైపు లోపలి పొర ఉబ్బిపోయి ఆయిల్‌ని వెళ్ళనిస్తుంది గానీ వెనక్కి రానివ్వదు. అప్పుడు బ్రేక్ వదిలినా ఆ చక్రం పట్టేసే ఉంటుంది, బండి ఒక పక్కకి లాగుతుంది, ఆ ఒక్క రిమ్మూ కాలిపోతుంటుంది. దీన్ని కాలిపర్ జామ్ అనుకుని కాలిపర్ మార్పించేసుకున్న వాళ్ళు కూడా ఉన్నారు.

కొనేటప్పుడు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట జేసీబీలకీ ట్రాక్టర్లకీ హైడ్రాలిక్ పైపులు అప్పటికప్పుడు క్రింప్ చేసిచ్చే షాపులుంటాయి, పనిలో వాళ్ళకి తిరుగుండదు, శాంపిల్ తీసుకెళ్తే "ఇదెంతసేపు సార్" అని పది నిమిషాల్లో చేసి చేతిలో పెడతారు, చూడ్డానికి కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఆ పైపు బ్రేకులకి పనికిరాదు. హైడ్రాలిక్ పైపుల్లో మామూలుగా ఉండే నైట్రైల్ రబ్బర్ మినరల్ ఆయిల్ కోసం చేసింది, గ్లైకాల్‌తో చేసిన బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. కారు పైపుల్లో వాడేది ఈపీడీఎం అనే వేరే రబ్బర్, దాని కథ రివర్సు, దానికి డీజిలూ కిరసనాయిలూ ఇంజన్ ఆయిలూ పడవు. అందుకే బ్రేక్ పార్టులు కిరసనాయిల్‌తో కడగొద్దు, బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడండి.

మీ కారు మోడల్‌కే చేసిన కిట్ తీసుకోండి, గుడ్‌రిడ్జ్, హెల్ లాంటి కంపెనీలు చేస్తాయి. పైపు మీదో ట్యాగ్ మీదో డాట్ అనో ఎఫ్ఎంవీఎస్ఎస్ 106 అనో ఉందేమో చూడండి. అది అమెరికా స్టాండర్డు, దాని ప్రకారం పైపు 4000 పీఎస్ఐ ప్రెషర్‌ని రెండు నిమిషాలు తట్టుకోవాలి, తిప్పే మిషన్ మీద 35 గంటలు ఆగకుండా ఊగినా లీక్ అవ్వకూడదు. ఏ గుర్తూ లేని చవక పైపులు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. డబ్బు ఆలోచిస్తున్నారంటే కంపెనీ రబ్బర్ పైపులే కొత్తవి వేయించి ఆయిల్ మార్పించుకోండి, రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చే బండికి అది చాలు, పైగా పాత రబ్బర్ నుంచి కొత్త రబ్బర్‌కి వచ్చినా పెడల్‌లో తేడా బాగానే తెలుస్తుంది. బండి వారంటీలో ఉంటే డీలర్‌ని ఒక మాట అడిగాకే చెయ్యి పెట్టండి.

ఇక పని సంగతి. నేను చెప్పేది 2011లో వచ్చిన రెండో తరం స్విఫ్ట్‌ని మనసులో పెట్టుకుని, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, మొత్తం నాలుగు పైపులు. వేరే బండి అయినా దాదాపు ఇంతే, పానా సైజులు మాత్రం మారతాయి. కావాల్సినవి: జాకీ, దాంతోపాటు కచ్చితంగా స్టాండ్లు (జాకీ ఒక్కదాని మీద బండి నిలబెట్టి కిందకి తల పెట్టొద్దు, ఇందులో బేరాల్లేవు), 10 ఎంఎం ఫ్లేర్ నట్ పానా, బంజో బోల్టుకి (పైపుని కాలిపర్‌కి బిగించే బోల్టు) సరిపోయే సాకెట్, బ్లీడర్‌కి (చక్రం దగ్గర గాలి తీసే చిన్న స్క్రూ) రింగు పానా, పైపు తల పట్టుకోవడానికి ఇంకో పానా, కొత్త కాపర్ వాషర్లు, సీల్ తియ్యని డాట్ 4 ఒక లీటరు, ట్రాన్స్‌పరెంట్ ట్యూబు ముక్క, ఒక బాటిలు, పాత గుడ్డలు. డాట్ 5.1 కూడా పోసుకోవచ్చు, అదీ గ్లైకాలే. డాట్ 5 మాత్రం వద్దు, పేరు చూసి 5.1కి తమ్ముడనుకునేరు, అది సిలికాన్, రెండూ కలవవు.

అసలు ఈ పనిలో కష్టమంతా ఎక్కడుందంటే పాత ఫ్లేర్ నట్ ఊడదీయడంలో ఉంది. బాడీ దగ్గర ఇనుప లైను వచ్చి రబ్బర్ పైపులోకి బిగిసే చోట ఉండే చిన్న నట్టు అది. మెత్తటి లోహం, ఏళ్ళ తరబడి నీళ్ళూ బురదా తిని ఉంటుంది, విశాఖలోనో కాకినాడలోనో తిరిగిన బండి అయితే ఉప్పు గాలికి తుప్పు ఇంకా ఎక్కువ. దీనికి మామూలు డబుల్ ఎండ్ పానా పెట్టి లాగారంటే మూలలు అరిగిపోయి నట్టు గుండ్రంగా తయారవుతుంది, ఆ తర్వాత లైనే కోసి కొత్తది వేయాలి, సాయంత్రానికి అయిపోవాల్సిన పని వారం పడుతుంది. అందుకని ముందురోజు రాత్రే వైర్ బ్రష్‌తో తుప్పు గీకి డబ్ల్యూడీ 40 లాంటిది కొట్టి వదిలేయండి, పొద్దున ఇంకోసారి కొట్టండి. ఫ్లేర్ నట్ పానా నట్టుని చుట్టూ పట్టుకుంటుంది, లైను దూరడానికి మాత్రం చిన్న సందు ఉంటుంది. దాన్ని నట్టు మీద పూర్తిగా కూర్చోబెట్టి, పైపు తలని రెండో పానాతో కదలకుండా పట్టుకుని, ఒక్కసారి కుదుపుగా లాగితే టక్ మంటుంది. టక్ మన్నాక కూడా చూపు లైను మీదే ఉంచాలి, నట్టుతో పాటు ఇనుప లైను కూడా మెలి తిరుగుతుంటే వెంటనే ఆపేసి, కొంచెం బిగించి మళ్ళీ కొంచెం వదులు చేసి, ఆయిల్ కొట్టి, అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తియ్యాలి. ఎంతకీ రాకపోతే బలం చూపించొద్దు, మెకానిక్‌ని పిలవండి, అందులో నామోషీ ఏం లేదు.

నట్టు వదులయ్యేదాకా లాక్ క్లిప్ పీకొద్దు, పైపు కదలకుండా పట్టుకునేది ఆ క్లిప్పే. నట్టు వదులయ్యాక క్లిప్పుని కటింగ్ ప్లేయర్‌తో లాగేయండి, స్ట్రట్ (ముందు చక్రం షాక్ అబ్జార్బర్) మీద పైపుని పట్టుకున్న బిగింపు కూడా తీసేసి, చివర్లో కాలిపర్ దగ్గర బంజో బోల్టు. ఒకసారికి ఒక్క చక్రమే చేయండి, నాలుగూ విప్పి పెట్టుకోవద్దు.

విప్పి ఉన్నంతసేపూ ఆయిల్ కారుతూనే ఉంటుంది. దీనికో చిట్కా ఉంది, ఒక కర్ర ముక్క తీసుకుని డ్రైవర్ సీటుకీ పెడల్‌కీ మధ్య ఆనించి పెడల్‌ని అంగుళం రెండంగుళాలు లోపలికి నొక్కి ఉంచండి. మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లలోకి నెట్టేది) పిస్టన్ ముందుకి జరిగి డబ్బా నుంచి ఆయిల్ వచ్చే రంధ్రం మూసుకుంటుంది, కారడం చాలావరకు తగ్గిపోతుంది. బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి బ్యాటరీ మైనస్ తీసేయండి. ఏబీఎస్ ఉన్న బండిలో ఈ కర్ర చిట్కా మరీ ముఖ్యం, డబ్బా ఖాళీ అయి గాలి ఏబీఎస్ యూనిట్ లోపలికి వెళ్ళిందంటే మామూలు బ్లీడింగ్‌తో బయటికి రాకపోవచ్చు, స్కానర్ పెట్టి పంపు తిప్పించాల్సి వస్తుంది. పెయింట్ మీద ఆయిల్ పడితే తుడుస్తూ కూర్చోకండి, వెంటనే నీళ్ళు పోసేయండి, లేదంటే పెయింట్ లేచిపోతుంది.

కొత్త పైపు బిగించేటప్పుడు ఫ్లేర్ నట్ మొదటి రెండు మూడు చుట్లూ వేళ్ళతోనే తిరగాలి. తిరగట్లేదంటే త్రెడ్ అడ్డంగా ఎక్కుతోందని అర్థం, తీసి మళ్ళీ పెట్టండి. బాడీ దగ్గర బ్రాకెట్లో కూర్చోబెట్టి, క్లిప్ కొట్టి, పైపు తలని పానాతో పట్టుకుని అప్పుడు నట్టు బిగించండి. కాలిపర్ దగ్గర బంజోకి రెండు పక్కలా కొత్త కాపర్ వాషర్లే వేయాలి, పాతవి ఒకసారి నలిగి గట్టిపడిపోయి ఉంటాయి, మళ్ళీ సీల్ అవ్వవు. పాత వాషరు ఒకటి కాలిపర్‌కే అతుక్కుని ఉండిపోతుంది చాలాసార్లు, గోరుతో గీకి చూస్తే గానీ తెలీదు, దానిమీద కొత్తది వేస్తే లీకు గ్యారంటీ. టార్క్ (ఎంత బలంతో బిగించాలన్న లెక్క) మీ బండి మాన్యువల్‌లో ఎంతుంటే అంతే, ఇలాంటి బోల్టులకి మామూలుగా 20 నుంచి 35 న్యూటన్ మీటర్ల మధ్యలో ఉంటుంది. లోపల బోలుగా ఉండే బోల్టు, బలం ఉంది కదా అని బిగిస్తే మెడ దగ్గర తెగుతుంది.

దీని తర్వాత అందరూ తొందరపడేది రూటింగ్ దగ్గర, అంటే పైపు వెళ్ళే దారి సరిచూసుకోవడం దగ్గర. రబ్బర్ పైపు కాస్త మెలి పడ్డా సర్దుకుంటుంది, స్టీల్ పైపు సర్దుకోదు, మెలి ఉంటే ఫిట్టింగ్ మొదట్లో తీగలు ఒక్కొక్కటే తెగుతూ పోతాయి. పైగా కోటింగ్ పోయిన స్టీల్ అల్లిక దేనికి రాసుకుంటే దాన్ని రంపంలా కోసేస్తుంది, ఏబీఎస్ సెన్సర్ వైరు అయినా సరే, టైరు అయినా సరే. అందుకని చక్రం వేసి స్టీరింగ్ కుడికి ఫుల్ కొట్టి టార్చ్ పెట్టి చూడండి, ఎడమకి ఫుల్ కొట్టి చూడండి, బండి కిందకి దించాక బరువు మీద మళ్ళీ రెండు పక్కలా చూడండి. జాకీ మీద ఉన్నప్పుడు చక్రం వేలాడుతుంది, నేల మీద ఉన్నప్పుడు పైకి వెళ్తుంది, రెండు పొజిషన్లలోనూ పైపు లాగినట్టూ ఉండకూడదు, టైరుకి తగలనూ కూడదు. స్ట్రట్ మీద బిగింపు కిట్‌లో ఇస్తే అదే వాడండి, జిప్ టైతో కట్టి వదిలేయొద్దు.

వెనక రెండు పైపులూ బాడీకీ యాక్సిల్‌కీ మధ్య ఉంటాయి. రెండు చివరలా ఇనుప లైన్లే అయితే బంజో ఉండదు, ఫ్లేర్ నట్లు మాత్రం డబుల్. కిందకి దూరి చేయాలి కాబట్టి కళ్ళద్దాలు పెట్టుకోండి, పైనుంచి రాలే దుమ్మంతా కళ్ళల్లోకే.

ఇక ఎయిర్ తీయడం. కర్ర ముక్క తీసేసి బ్యాటరీ పెట్టుకుని, ఇంజన్ ఆఫ్‌లోనే ఉంచి మొదలెట్టండి. ఏ చక్రం ముందు అన్నది మాన్యువల్ చూడండి, ఎక్కువ బళ్ళలో మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్నదాంతో మొదలు, మన బళ్ళల్లో స్టీరింగ్ కుడివైపు కాబట్టి అది వెనక ఎడమ చక్రం. ట్యూబు ఒక కొస బ్లీడర్‌కి తగిలించి రెండో కొస కొంచెం ఆయిల్ ఉన్న బాటిల్లో ముంచి పెట్టండి. పెడల్ మీద మనిషి కావాలి, మా ఇంట్లో ఆ డ్యూటీ మా బావమరిదిది.

"బావా, తొక్కానా?"

"తొక్కి పట్టుకో. నేను చెప్పేదాకా వదలకురా."

బ్లీడర్ పావు చుట్టు విప్పగానే పెడల్ కిందకి దిగుతుంది, ట్యూబులో బుడగలు పోతాయి, బ్లీడర్ మూసేశాకే "వదులు" అనాలి. మూయకముందే కాలు తీస్తే బయటి గాలి లోపలికి లాక్కుంటుంది, చేసిందంతా మొదటికొస్తుంది. పాత బండి అయితే పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి, ఎప్పుడూ వెళ్ళని లోతుకి పిస్టన్ వెళ్తే అక్కడి తుప్పుకి సీళ్ళు చిరుగుతాయి. నాలుగైదు సార్లకి ఒకసారి డబ్బాలో లెవెల్ చూసి పోస్తూ ఉండండి. ట్యూబులో బుడగల్లేకుండా కొత్త ఆయిల్ రంగు వచ్చేదాకా లాగి, తర్వాత చక్రానికి వెళ్ళండి.

అన్నీ అయ్యాక ఇంజన్ ఆన్ చేసి మనిషి బ్రేక్ గట్టిగా ఒక నిమిషం తొక్కి పట్టుకోవాలి. పెడల్ మెల్లగా దిగుతుంటే ఎక్కడో లీకుంది, లేదా మాస్టర్ సిలిండర్ పోయింది. పెడల్ నిలబడినా సరే ప్రతి జాయింట్‌నీ టిష్యూ పేపర్‌తో అద్ది చూడండి, కంటికి కనపడని తడి కూడా పేపర్ మీద తెలిసిపోతుంది. చక్రాల నట్లు టార్క్‌కి బిగించి, మొదటి రౌండు కాలనీలో ఖాళీ రోడ్డు మీదే 15, 20 స్పీడులో, చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీద పెట్టుకుని తిప్పండి. పెడల్ స్పాంజిలా ఉంటే ఇంకా గాలి ఉంది, రెండోసారి బ్లీడ్ చేయాల్సిందే, "నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది" అనే మాట నమ్మొద్దు, గాలి దానంతటది పోదు.

వారం తిరిగాక జాయింట్లు ఇంకోసారి టిష్యూతో అద్దండి, రూటింగ్ కూడా చూడండి, కోటింగ్ మీద ఎక్కడైనా మెరుపు గీత కనిపిస్తే అక్కడ రాసుకుంటున్నట్టు. ఆ తర్వాత ప్రతి సర్వీసుకీ ఒక చూపు, అల్లికలో ఒక్క తీగ తెగి పైకి లేచినా ఆ పైపు మార్చేయాలి. ఆయిల్ రెండేళ్ళకోసారి. బాటిల్లో మిగిలిన కొత్త ఆయిల్ దాచుకోవద్దు, మూత తీసిన దగ్గర్నుంచీ తేమ పడుతూనే ఉంటుంది. తీసిన పాత ఆయిల్ మోరీలో పోయకుండా మూత పెట్టి సర్వీస్ సెంటర్లో వాళ్ళ వేస్ట్ డ్రమ్ములోకి ఇచ్చేయండి.