హాంకాంగ్‌లో హార్బర్ పక్క హోటల్ బుక్ చేశారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

ముందుగా పీఏఆర్, అంటే ప్రీ-అరైవల్ రిజిస్ట్రేషన్. భారత పాస్‌పోర్ట్‌తో వీసా లేకుండా 14 రోజులు ఉండొచ్చు కానీ, ఆన్‌లైన్‌లో ఈ ముందస్తు నమోదు తప్పనిసరి. ఫీజు లేదు. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పేరు నింపండి. రీఫండ్ లేని గది తీసుకోకముందే ఇది చేయండి. నమోదు తిరస్కరిస్తే వీసాకు వెళ్లాలి, గది డబ్బు పోయినట్టే.

చూపించే రేటు చివరి రేటు కాకపోవచ్చు. 10% సర్వీస్ ఛార్జీ, 2025 జనవరి నుంచి 3% హోటల్ పన్ను కలిపి ఉందో లేదో చూడండి.

"హార్బర్ వ్యూ" అన్న మాటను అంత తేలిగ్గా నమ్మకండి. పక్కకు వంగితే కనిపించే నీళ్లను కూడా అలాగే అమ్ముతారు. ఎన్నో అంతస్తు, కిటికీ ఎటువైపు అని మెయిల్ పెట్టి అడగండి. ఆకాశహర్మ్యాల వరుస ఎదురుగా కావాలంటే కౌలూన్ వైపు, అంటే చిమ్ షా చుయ్‌లో దిగడమే మేలు. రాత్రి 8 గంటల లైట్ల షో గదిలోంచే చూడొచ్చు.

డిపాజిట్‌కు క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డయితే మీ సొంత డబ్బు రోజుల తరబడి ఇరుక్కుంటుంది.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తుపాన్ల టెన్షన్ ఉంటుంది. 8వ నంబర్ తుపాను హెచ్చరిక సిగ్నల్ ఎగరేస్తే హార్బర్ దాటించే స్టార్ ఫెర్రీ పడవలు ఆగిపోతాయి, దుకాణాలు మూస్తారు. ఫ్లైట్‌కు ముందురోజు ఖాళీగా ఉంచుకోండి.

ఈ-సిగరెట్ ఇంట్లోనే వదిలేయండి. 2022 నుంచి అక్కడికి తీసుకెళ్లడం నేరం.