మియాటా గేర్‌బాక్స్ మార్పిడి – 3వ పాఠం: 1.6 ఇంజిన్‌కి 1.8 గేర్‌బాక్స్

పోయిన పాఠంలో మాజ్డా మియాటా స్పోర్ట్స్ కారుని స్టాండ్ల మీదికి లేపి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ తిప్పుడుని వెనక్కి తీసుకెళ్లే కడ్డీ) ఊడదీసి, గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) దాకా వెళ్లే ఆ పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ దించి, పాత గేర్‌బాక్స్‌ని నేల మీద పెట్టాం. ఈసారి కొత్తది ఎక్కిద్దాం.

ముందు అందరూ అడిగే అనుమానం తీర్చేస్తాను. 1.6 లీటర్ల ఇంజిన్‌కి 1.8 లీటర్ల కారు గేర్‌బాక్స్ పడుతుందా? పడుతుంది. 1989లో మొదటి మియాటాతో వచ్చిన 1.6, ఆ తర్వాత 1994 మోడల్‌తో వచ్చిన 1.8, రెండూ ఒకే కుటుంబం ఇంజిన్లు. గేర్‌బాక్స్ బోల్టులు ఒకే చోట పడతాయి, ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ వైపు నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కడ్డీ) పళ్లు కూడా అవే. లోపల ఐదు గేర్ల రేషియోలు కూడా మారలేదు, మొదటిది 3.136, ఐదోది 0.814. అంటే 1.8 గేర్‌బాక్స్ వేస్తే బండి స్పీడు పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, పాత గేర్‌బాక్స్ అరిగిపోయింది కాబట్టి మారుస్తున్నాం, అంతే.

అసలు తికమక క్లచ్ దగ్గర. 1.6కి 200 మిల్లీమీటర్ల క్లచ్, 1.8కి 215. గేర్‌బాక్స్ 1.8ది కదా అని 1.8 క్లచ్ కిట్ కొనేసేవాళ్లు చాలామంది, తీరా బిగించబోతే ప్రెజర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ని ఒత్తిపట్టే భాగం) బోల్టులు 1.6 ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం) రంధ్రాలతో కలవవు. గేర్‌బాక్స్ ఏ కారుదైనా కానివ్వండి, క్లచ్ మాత్రం ఫ్లైవీల్‌ని బట్టే కొనాలి. పెద్ద క్లచ్చే కావాలనుకుంటే 1.8 ఫ్లైవీల్ కూడా తెచ్చుకోండి, అది 1.6 క్రాంక్‌కి శుభ్రంగా కూర్చుంటుంది. టర్బో ఆలోచన లేకపోతే ఆ ఖర్చు దండగ.

క్లచ్ ప్లేట్‌ని ప్లాస్టిక్ అలైన్‌మెంట్ టూల్‌తో మధ్యకి తెచ్చి, ప్రెజర్ ప్లేట్ బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లకి గ్రీజు పల్చగా చాలు, ఎక్కువైతే ఎగిరి ప్లేటు మీద పడుతుంది.

ఇక్కడి నుంచి నిదానంగా చేయండి. గేర్‌బాక్స్‌ని జాకీ మీద పెట్టి, ఇంజిన్ ఏ వాలులో ఉందో దీన్నీ అదే వాలుకి తెచ్చి ముందుకి తోయండి. చాలాసార్లు ఒక అంగుళం దూరంలో వచ్చి ఆగిపోతుంది. అప్పుడు చేయి దురదపెడుతుంది, బోల్టులు పెట్టి లాగేద్దామనిపిస్తుంది. వద్దు. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందున్న గంటలాంటి భాగం) అల్యూమినియం, అలా లాగితే బోల్టు పట్టే చెవి పగులుతుంది, లేదా క్లచ్ ప్లేట్ మధ్య భాగం వంగిపోతుంది. ఏదో ఒక గేరులో వేసి, వెనక నుంచి అవుట్‌పుట్ షాఫ్ట్‌ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ తోయండి, పళ్లు కలిసిన క్షణాన అదే లోపలికి జారుతుంది. బెల్ హౌసింగ్ అంచు, ఇంజిన్ అంచు చుట్టూతా ఖాళీ లేకుండా ఆనాకే బోల్టులు. అప్పటిదాకా జాకీ తీయకండి, గేర్‌బాక్స్ బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడకూడదు.

పై బోల్టులకి పొడుగు ఎక్స్‌టెన్షన్ కావాలి, చేయి దూరాలని ఇంజిన్ వెనక భాగాన్ని కిందికి దించుతాం కదా, దించేటప్పుడు హెడ్ వెనకున్న క్రాంక్ యాంగిల్ సెన్సర్ ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడకి) నొక్కుకోకుండా ఒక కన్నేసి ఉంచండి. స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని నడిపే చిన్న సిలిండర్) బయట వేలాడుతున్నంతసేపూ ఎవరినీ క్లచ్ పెడల్ తొక్కనివ్వకండి, పిస్టన్ ఊడొస్తుంది.

స్పీడోమీటర్ గేరు చిన్న ముక్కే కానీ మర్చిపోతారు. 1.6 కార్లకి వెనక డిఫరెన్షియల్ రేషియో 4.30, 1.8కి 4.10, ఆ గేరు పళ్లు దాన్ని బట్టే ఉంటాయి. పాత గేర్‌బాక్స్‌లోది తీసి కొత్తదాంట్లో పెట్టేయండి, లేకపోతే ముల్లు అబద్ధం చెబుతుంది.

ఆయిల్ రెండు లీటర్లు, జీఎల్-4 రకం 75డబ్ల్యూ-90. కింద పడుకుని ఫిల్లర్ ప్లగ్‌తో కుస్తీ పట్టక్కర్లేదు, లోపల గేర్ రాడ్ తీసిన రంధ్రం నుంచి గరాటుతో పోసేయొచ్చు.

ఆరు గేర్లది వేస్తే హైవే మీద ఇంజిన్ నెమ్మదిస్తుందా అని అడుగుతున్నారు. ఆరో గేరు 0.843, అంటే మన ఐదో గేరు 0.814 కన్నా పెద్ద అంకె, అదే స్పీడుకి ఇంజిన్ ఇంకా ఎక్కువ తిరుగుతుంది! ఐదో గేరుని వెనక 4.30తో గుణిస్తే 3.50 వస్తే, ఆరో గేరుని అదే 4.30తో గుణిస్తే 3.62 వస్తుంది, గోల ఇంకా పెరుగుతుంది. అందుకే మాజ్డా దానికి 3.909 డిఫరెన్షియల్ జతచేసింది. అది వచ్చే పాఠం.

ఈలోపు మీ కారులో ఏముందో చూసుకోండి, పాత కార్లలో ఎవరెవరు ఏం మార్చారో చెప్పలేం. ముందు చక్రాలకి అడ్డు పెట్టి, వెనక రెండూ గాల్లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ దించి, న్యూట్రల్‌లో పెట్టండి. ఒక చక్రాన్ని ఎవరైనా కదలకుండా పట్టుకుంటే రెండోదాన్ని 20 చుట్లు తిప్పండి. లిమిటెడ్ స్లిప్ (రెండు చక్రాలనీ దాదాపు కలిపి తిప్పే డిఫరెన్షియల్) ఉంటే రెంటినీ కలిపి 10 చుట్లు. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి లెక్కపెట్టండి. 43 వస్తే 4.30, 41 వస్తే 4.10. ఆ అంకె లేకుండా నాలుగో పాఠం మొదలుపెట్టలేం.